వ్యాను పోయే దారిలో అంబులెన్సు ఎందుకు పోదు?

బోనకల్‌లో అడవి లేదు. సాగర్ ఎడమ కాలువ కింద వరి, మిరప తోటలు, పత్తి చేలు, కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో ఒక స్టేషను ఉన్నాయి. అడవి దారుల్లో వాహనాల రాకపోకల గురించిన సంపాదకీయాన్ని ఈ మైదాన ప్రాంతపు మండలంలో మొదలుపెట్టటం పాఠకులకు వింతగా తోచవచ్చు. కానీ ఈ ప్రశ్న నాకు ఎదురైంది ఇక్కడి మిరప తోటలోనే. ఏటా కాయ ఏరే కాలంలో భద్రాచలం వైపు నుంచీ, ఇంకా అవతల ఛత్తీస్‌గఢ్ నుంచీ కోయ, గొత్తికోయ కుటుంబాలు గుంపులుగా ఖమ్మం జిల్లా మిరప తోటలకు కూలికి వస్తాయి. సాళ్ల మధ్య వంగి కాయ ఏరేవాళ్లలో స్త్రీలే ఎక్కువగా కనిపిస్తారు. బడిలో ఉండాల్సిన ఆడపిల్లలూ కనిపిస్తారు.

గడిచిన సీజనులో ఒక మధ్యాహ్నం తోట గట్టున అన్నాలు తింటున్న గుంపు దగ్గర కూర్చున్నాను. ఒడిలో ఎనిమిది నెలల బిడ్డను పెట్టుకున్న ఒక గొత్తికోయ స్త్రీ తన కాన్పు సంగతి చెప్పింది. ఆమెకు తెలుగు కొద్దిగానే వచ్చు. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చిన ఇంకో ఆమె మధ్యమధ్యలో మాట అందించింది. వానాకాలంలో చీకటిపడే వేళ నొప్పులు మొదలయ్యాయి. సిగ్నలు కోసం ఒక కుర్రాడు మిట్ట ఎక్కి 108కి ఫోను చేశాడు. బండి గేటు దాకానే వస్తుందనీ, మనిషిని అక్కడికి తీసుకురమ్మనీ అన్నారు. గేటుకూ గుడిసెలకూ మధ్య, ట్రాక్టర్లు లోపలికి రాకుండా దారికి అడ్డంగా తవ్విన కందకం ఉంది. మంచానికి తాళ్లు కట్టి నలుగురు మగవాళ్లు ఆమెను మోసుకొచ్చారు. కందకం దాటించేటప్పుడు దించక తప్పలేదు. బిడ్డ అక్కడే పుట్టింది. తల్లీబిడ్డా ఇద్దరూ బతికారు కాబట్టి ఈ సంగతి ఏ పత్రికలోనూ రాలేదు.

"మేస్త్రి వ్యాను మా గుడిసెల కాడికే వచ్చుద్ది అక్కా. అంబులెన్సు రమ్మంటేనే గేటు కాడికి తెమ్మన్నరు" అన్నదామె. ఫిర్యాదులా అనలేదు. వాన పడితే వాగు పొంగుతుందన్నట్టుగా అన్నది.

అదే దారిలో కూలీలను తెచ్చే డీసీఎం వ్యాను ఎట్లా పోయిందని అడిగాను. ఎండాకాలం దగ్గర పడితే కందకం పక్కగా చుట్టుతిరిగి పోయే దోవ ఒకటి పడుతుందట. గేటు దగ్గర మేస్త్రి మాట్లాడుకుంటాడట. ఆ మాట్లాడుకోవటం ఏమిటో ఆమె చెప్పలేదు, నేను గుచ్చి అడగలేదు. ఏ గేటో, ఏ ఊరో ఇక్కడ రాయటం లేదు. రాస్తే నష్టపోయేది ఆ గుడిసెలే గనక.

అడవిలోకి వాహనాలు పోవచ్చా, కూడదా అని మన దగ్గర జరిగే చర్చ అంతా ఈ సంగతిని పక్కనపెట్టి జరుగుతున్నది. వాహనాలు ఎప్పుడూ పోతూనే ఉన్నాయి. వెదురు కూపుల కాలం నుంచీ లారీలు పోతున్నాయి. వేసవిలో తునికాకు కాంట్రాక్టరు లారీ కల్లం దాకా పోతుంది. 50 ఆకుల కట్టలు కట్టి, తలకెత్తుకుని ఆ కల్లానికి తెచ్చేది స్త్రీలు. అటవీ శాఖ జీపు పోతుంది. పర్యాటకుల కార్లు పోతాయి. కూలీలను తెచ్చే వ్యాను పోతుంది. ఆగిపోయేవి ఏవో చూడండి: అంబులెన్సు, రేషను బండి, పోడు చేనులో పండిన జొన్నలు మోసే ఆటో. బయటి నుంచి వచ్చి అడవి సరుకునో అడవి మనిషి శ్రమనో తీసుకుపోయే వాహనానికి దారి దొరుకుతున్నది. లోపల బతికే మనిషి అవసరానికి రావలసిన వాహనానికి దొరకటం లేదు. లోపల బతికేవాళ్లలోనూ ఆ కొరతను ఒంటితో పూడ్చవలసింది స్త్రీ.

ఇది కొత్తగా వచ్చిన తీరు కాదు. గోదావరికి తూర్పున, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న గూడెం కొండల్లో రోడ్డు వేయించిన వైనం మనకు తెలిసిందే. నర్సీపట్నం నుంచి కొండల్లోకి రోడ్డు వేయటానికి గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత అరకొర కూలికి వెట్టి చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో మొదలైన అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో, అడవిలో పోడునూ పశువుల మేతనూ ఆపటంతో పాటు ఆ రోడ్డు పని కూడా ఒకటి. అడవిలో తిరగవద్దని కట్టడి చేసిన పాలకులే అదే మనుషుల చేత అడవిలో రోడ్డు వేయించుకున్నారు. ఆ రోడ్డు మీద ఎవరు పోవాలో వాళ్లకు స్పష్టంగా తెలుసు.

తర్వాతి చట్టాలను కూడా ఈ కళ్లతోనే చదవాలి. రిజర్వు అడవిలో అక్రమ ప్రవేశం నేరమని మన దగ్గర అమల్లో ఉన్న 1967 నాటి అటవీ చట్టం చెబుతుంది. అభయారణ్యాల మాట 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం చూసుకుంటుంది. పాల్వంచ దగ్గరి కిన్నెరసాని 1977 నుంచీ అభయారణ్యం. గోదావరి వెంట పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనం అయ్యాయి. ఆ చట్టం 27వ సెక్షను ప్రకారం విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగి, లోపల నివసించేందుకు అనుమతి ఉన్నవాళ్లు, లోపల స్థిరాస్తి హక్కు ఉన్నవాళ్లు, లోపలి నుంచి పోయే రహదారి మీద ప్రయాణించేవాళ్లు, వీళ్ల మీద ఆధారపడ్డవాళ్లు అభయారణ్యంలోకి పోవచ్చు. మిగతావాళ్లు పర్మిట్టు తీసుకోవాలి. పర్మిట్టు ఎందుకు ఇవ్వవచ్చో 28వ సెక్షను వరసగా చెబుతుంది: వన్యప్రాణుల అధ్యయనం, ఫోటోలు తీయటం, శాస్త్రీయ పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవాళ్లతో న్యాయబద్ధమైన వ్యాపార వ్యవహారం. పర్యాటకం అవసరమని చట్టానికి 1972లోనే తోచింది. కాన్పులు, పాము కాట్లు, మలేరియా జ్వరాలు దాని ఊహలోకి రాలేదు.

అంబులెన్సును ఆపమని ఏ అటవీ చట్టంలోనూ లేదు. ఆపకూడదని కూడా విడిగా రాసి లేదు. ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీలో గేటు దగ్గరి మనిషి నిర్ణయమే చట్టమవుతుంది. వలస పాలకులు రాసిన 1927 నాటి భారత అటవీ చట్టం కూడా, రిజర్వు అడవిలో ఉన్న దారిని మూసేయాలంటే రాష్ట్ర ప్రభుత్వ అనుమతి ముందే ఉండాలనీ, జనానికి అనుకూలమైన ఇంకో దారి ఉండి తీరాలనీ 25వ సెక్షనులో ఒప్పుకున్నది. మన దగ్గర నడిచేది వేరే చట్టమే. కానీ రాత్రికి రాత్రి జేసీబీతో కందకం తవ్వి దారి కోసేసినప్పుడు, తెల్లవాడి చట్టం ఇచ్చిన పాటి మర్యాద కూడా ఇవ్వలేదని అడిగే హక్కు మనకుంది.

ఇక 2006 నాటి అటవీ హక్కుల చట్టం సంగతి. అడవి మీద ఆదివాసులకు జరిగిన చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దటానికే వచ్చానని ఈ చట్టం తనే చెప్పుకుంది. కానీ 2008లో దాని కింద చేసిన నిబంధనలు చదివినప్పుడు ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద గిరిజనులకు హక్కు ఉందన్నారు. ఆ హక్కులో రవాణా కూడా ఒక భాగమన్నారు. ఎట్లా రవాణా చేయాలి? తలమోపుగా, సైకిలు మీద, తోపుడు బండి మీద. మోటారు వాహనం వాడితే పాత రవాణా అనుమతుల నిబంధనలే వర్తిస్తాయన్నారు.

ఆ మూడింటినీ మన ఊళ్లలోకి తెచ్చి చూడండి. కొండవాగుల దారిలో తోపుడు బండి నడవదు. సైకిలు ఉన్న ఇళ్లలో అది మగవాడిది. మిగిలింది తల. ఇప్పపువ్వు, చింతపండు, అడ్డాకులు సేకరించి సంతకు మోసేది స్త్రీలు కాబట్టి, ఆ తల స్త్రీది. ఢిల్లీలో ఆ వాక్యం రాసినవాళ్లు స్త్రీల మీద పగతో రాయలేదు. మోటారు అంటే దొంగ కలప, తలమోపు అంటే నిజమైన గిరిజన జీవనం అని వాళ్లు అనుకుని ఉంటారు. పేదరికాన్ని సంప్రదాయంగా చూసే ఈ చూపు మన పరిశోధకుల్లోనూ ఉంది, నేను దాన్నుంచి బయటపడటానికి కొంతకాలం పట్టింది. బరువు మోయటం స్త్రీల సంస్కృతి కాదు. బండి లేకపోవటం వల్ల మోస్తున్నారు.

2012 సెప్టెంబరులో ఈ నిబంధనను సవరించారు. ఇప్పుడు అడవి లోపలా బయటా "తగిన రవాణా సాధనాల" ద్వారా తీసుకుపోవచ్చని ఉంది. రవాణా అనుమతి పత్రం ఇచ్చే అధికారం గ్రామసభ నియమించే కమిటీకి వచ్చింది. అంటే సంతరోజు ఇప్పపువ్వు బస్తాలతో ఆటో ఎక్కే స్త్రీని ఆపి, అటవీ శాఖ పర్మిట్టు ఏదని అడగటానికి వీల్లేదు. ఈ మాట ఎన్ని గేట్ల దగ్గర తెలుసు? మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు? పట్టాల పంపిణీ మీద మనం పెట్టిన శ్రద్ధలో పదో వంతు ఈ సవరణ మీద పెట్టలేదు. తెలంగాణలో 2023 జూన్ 30న మొదలైన పంపిణీలో సుమారు 4.06 లక్షల ఎకరాల పోడు భూమికి పట్టాలిస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. చేనుకు పట్టా వచ్చింది. చేనుకు పోయే దారి పట్టాలో రాలేదు.

దారి విషయంలో స్త్రీ పురుషుల అనుభవం ఒకటి కాదని సర్వేలకు పోయిన ప్రతిసారీ తెలుస్తూనే ఉంది. ఆసుపత్రి ఎంత దూరమని అడిగితే మగవాళ్లు "బండి మీద ఇరవై నిమిషాలు" అంటారు. అదే ఇంట్లో స్త్రీ "పొద్దున బయలుదేరితే ఎండ ఎక్కేసరికి" అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. సర్వే కాగితంలో మాత్రం ఇంటి యజమాని జవాబు ఒక్కటే ఎక్కుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019–21 నాటిది, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయని చెప్పింది. గర్వించదగ్గ సంఖ్యే. కాన్పు ఎక్కడ జరిగిందో ఆ సంఖ్య చెబుతుంది. అక్కడికి ఎట్లా వచ్చిందో చెప్పదు. మిగిలిన 3 శాతం ఎక్కడుందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. ఆ బండి ఎన్నో ప్రాణాలు కాపాడిందని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. కానీ అది తారు రోడ్డు మీద పుట్టిన పథకం. 2018లో ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ ప్రాంతాలకు బైకు అంబులెన్సులు ఇచ్చారు. విజయనగరం ఏజెన్సీలో సాలూరు దగ్గర కాన్పుకు ముందే గర్భిణులను తీసుకొచ్చి ఉంచే వసతి గృహం పెట్టారు. మంచి పనులే. కానీ రోడ్డు మనిషి దగ్గరికి పోలేకపోతే, మనిషినే నెల ముందు రోడ్డు దగ్గరికి రమ్మంటున్నామన్న సంగతి మరిచిపోకూడదు. ఆమె వెనక ఇంట్లో ఇద్దరు పిల్లలుంటారు, మేకలుంటాయి, కోతకు వచ్చిన చేనుంటుంది. వాటిని ఎవరు చూస్తారన్న ప్రశ్నకు పథకంలో పద్దు లేదు. ఉచిత బస్సు కూడా అంతే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచీ స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితం. మైదాన ప్రాంతంలో కూలి పనులకూ చదువులకూ పోయే స్త్రీల జీవితంలో ఇది చిన్న మార్పు కాదు. బస్సు రాని గూడెంలో స్త్రీ ఆ ఉచితం దగ్గరికి కూడా నడిచే పోవాలి.

అడవిలో రోడ్లు వేయలేమని ప్రభుత్వం చేతులెత్తేసిన మాట వాస్తవం కాదు. అనుకుంటే వేస్తుంది. వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల రోడ్డు పథకాన్ని కేంద్రం 2016 డిసెంబరులో ఆమోదించింది. 44 జిల్లాల్లో 5,400 కిలోమీటర్లకు పైగా రోడ్లు, 11,724 కోట్ల రూపాయల అంచనా. ఆ రోడ్ల మీద బడికీ ఆసుపత్రికీ పోతున్నవాళ్లు ఉన్నారు, కాదనను. అయితే ఏ గూడేనికి రోడ్డు ముందు కావాలో తేల్చింది ఎవరు? పథకం పేరులోనే జవాబుంది. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణ చూడండి. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో పారామిలిటరీ క్యాంపులు, రక్షణ సంబంధ నిర్మాణాలు, కేంద్రం పేర్కొనే ప్రజోపయోగ పనులు 5 హెక్టార్ల వరకు చట్టం పరిధి నుంచే మినహాయింపు పొందవచ్చు. అటవీ హక్కుల చట్టం 3వ సెక్షను 2వ ఉపసెక్షను కింద గ్రామసభ సిఫారసుతో వచ్చే రోడ్డుకు మాత్రం ఒక్కొక్క పనికి 1 హెక్టారు లోపే, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. ఆ పరిమితి తప్పని నేననటం లేదు. 4 మీటర్ల వెడల్పు దారి అనుకుంటే హెక్టారుకు రెండున్నర కిలోమీటర్లు వస్తుంది. చాలా గూడేలకు ఆ మాత్రం దారి చాలు. మన ఆదివాసీ స్త్రీలు హైవేలు అడగటం లేదు.

ఇక్కడ అడవిని ప్రేమించే మిత్రుల మాట వినాలి. రోడ్డు వస్తే అడవి పోతుందని వాళ్లంటారు. అది ఉత్తమాట కాదు. రాత్రిపూట లైట్ల వెలుగులో జంతువులు నిలబడిపోయి బండ్ల కింద పడి చస్తాయి. హైదరాబాదు–శ్రీశైలం రోడ్డు మీద నల్లమలలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలు ఆపటం ఇందుకే. కర్ణాటకలో బందీపూర్ మీదుగా కేరళకు పోయే జాతీయ రహదారి మీద 2009 నుంచీ ఇవే వేళల్లో రాత్రి నిషేధం ఉంది. అక్కడ అంబులెన్సులను, లెక్క పెట్టిన కొన్ని బస్సులను వదులుతారు. పులి కోసం ఇంత జాగ్రత్తగా వేళలూ మినహాయింపులూ రాసుకోగలిగితే, బాలింత కోసం కూడా రాసుకోవచ్చు. రెండూ ఒకే కాగితం మీద పడతాయి.

రోడ్డు వల్ల స్త్రీలకు వచ్చే ముప్పు గురించి మనమే గట్టిగా మాట్లాడాలి. రోడ్డు మీద అంబులెన్సు ఒక్కటే రాదు. బెల్టు షాపు సరుకు వస్తుంది, ఇసుక లారీ వస్తుంది, కలప దొంగ వస్తాడు, ఆడపిల్లలకు పట్నంలో పని చూపిస్తామనే దళారీ వస్తాడు. రోడ్డు పడిన కొత్తలో సంతోషించి, రెండేళ్లకు సారా పోటు చూసి తల పట్టుకున్న గూడేలు నాకు తెలుసు. గేటు దగ్గర నిలబడేవాళ్లలోనూ ఇప్పుడు స్త్రీలున్నారు. 2019 జూన్‌లో సిర్పూర్ కాగజ్‌నగర్ ప్రాంతంలో మొక్కలు నాటే పనికి పోయిన మహిళా అటవీ రేంజి అధికారిని గుంపు కర్రలతో కొట్టింది. 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో ఒక రేంజి అధికారి హత్యకు గురయ్యాడు. గొత్తికోయల గూడేనికి చెందినవాళ్లే చంపారు. ఈ హింసను దేనితోనూ సమర్థించలేం. ఆ తర్వాత ఒక గూడెం మొత్తాన్ని దోషిగా చూసిన తీరును కూడా సమర్థించలేం. పై అధికారుల ఆజ్ఞ, కింద జనం కోపం, మధ్యలో తాళం చెవి పట్టుకున్న చిన్న ఉద్యోగి. ఈ అమరికను మార్చకుండా ఎవరి క్షేమమూ సాధ్యం కాదు.

మార్చటం ఎట్లా అన్నప్పుడు నాకు రెండు అనుభవాలు గుర్తొస్తాయి. ఒకటి మనదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటతో పేరుబడి రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమంలో స్త్రీలు సారా తెచ్చే జీపులను ఊరి పొలిమేరలోనే ఆపారు. బస్సును ఆపలేదు, పాల బండిని ఆపలేదు. ఏ బండి లోపలికి రావాలో, ఏది వెనక్కి పోవాలో అక్షరం రాని స్త్రీలు తేల్చి చెప్పారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. పొలిమేర దగ్గర కాపలా కాసే తెలివీ అధికారమూ స్త్రీలకు లేవనేవాళ్లు ఆ రెండేళ్ల చరిత్ర మళ్లీ చదువుకోవాలి.

రెండోది ప్రాణహిత అవతల, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా మెంఢా లేఖా గ్రామం. 2009లో సామూహిక అటవీ హక్కు పొందిన ఈ గోండు గ్రామానికి 2011 ఏప్రిల్‌లో వెదురు రవాణా అనుమతుల పుస్తకం చేతికిచ్చారు. అప్పటి కేంద్ర అటవీ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా పోయి ఇచ్చారు. అప్పటి నుంచీ ఆ అడవి వెదురుతో లారీ బయటికి పోవాలంటే గ్రామసభ సంతకం కావాలి. లారీ అదే, అడవి అదే. సంతకం మారింది. అక్కడ వీలైనది దుమ్ముగూడెంలో, చర్లలో, చింతూరులో వీలుకాదనటానికి నాకు కారణం కనిపించదు.

అమెరికా సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. అక్కడ జాతీయ అడవుల్లో మోటారు దారుల మీద దశాబ్దాలుగా తగాదా నడుస్తున్నది. ఎక్కువగా అది సెలవుల్లో సరదాకు జీపులూ మోటారు సైకిళ్లూ నడిపేవాళ్లకూ, నిశ్శబ్దం కోరేవాళ్లకూ మధ్య తగాదా. మన దుఃఖంతో దానికి పోలిక లేదు. కానీ 2005లో వాళ్లు పెట్టుకున్న నియమంలో ఒకటి మనం అరువు తెచ్చుకోవచ్చు: ప్రతి జాతీయ అడవికీ ఏ దారిలో ఏ రకం వాహనం, ఏ కాలంలో పోవచ్చో గుర్తించి మ్యాపు అచ్చువేసి అందరికీ ఇవ్వాలి. మన గేటు నియమాలు గేటు మనిషి నోట్లో ఉంటాయి. కాగితం మీద ఉంటే కోయ భాషలో చదివి వినిపించవచ్చు. తప్పయితే తప్పని సవాలు చేయవచ్చు.

గ్రామసభే తేల్చాలని అనగానే ఇంకో చిక్కు వస్తుంది. నిబంధనల ప్రకారం గ్రామసభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. అటవీ హక్కుల కమిటీలోనూ మూడో వంతు స్త్రీలు. కాగితం మీద వేలిముద్రలుగా ఆ మూడో వంతు ఉంటున్నది. రోడ్డు ఎటు పోవాలనే మాట వచ్చినప్పుడు మగవాళ్లు సంత వైపు చూపిస్తారు, స్త్రీలు నీళ్ల వైపూ ఆసుపత్రి వైపూ చూపిస్తారు. సభలో గట్టిగా వినపడేది మొదటి గొంతు. ఈ పని చట్టం చేసి పెట్టదు, సంఘాలు చేయాలి.

అంతకన్నా పెద్ద చిక్కు బోనకల్ తోటలో కలిసిన ఆ స్త్రీది. ఆమె ఏ గ్రామసభకు పోవాలి? 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఇళ్లు తగలబడి, గోదావరి ఇవతలి అడవుల్లోకి పారిపోయి వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. సల్వాజుడుం పేరుతో ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులను నియమించటం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైలో చెప్పింది. ఆ తీర్పు వాళ్లకు ఊరు తెచ్చివ్వలేదు. అటవీ హక్కుల చట్టానికి గడువు తేదీ 2005 డిసెంబరు 13. ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఈ అడవి మీద చట్టప్రకారం హక్కు లేదు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలో జలగలంచ గూడెం కూల్చివేత తర్వాత హైదరాబాదు హైకోర్టు గొత్తికోయలను వెళ్లగొట్టవద్దని ఆపింది. ఉండనివ్వటం వేరు, దారి ఇవ్వటం వేరు. రోడ్డు వేస్తే ఆక్రమణను గుర్తించినట్టవుతుందని అధికారులు భయపడతారు. ఆ భయానికి మూల్యం కందకం ఒడ్డున మంచం మీది స్త్రీ చెల్లిస్తున్నది. ఈ పౌరసత్వపు ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు. కానీ అంబులెన్సు రావటానికి ఆ ప్రశ్న తేలేదాకా ఆగనక్కర్లేదు. రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణాన్ని కాపాడుతుంది, గడువు తేదీ అడగదు.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పడ్డప్పుడు ములుగు జిల్లా మిరప తోటల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు ఒక గుంపు నడిచి పోయింది. రోడ్డు మీద ఆపుతారని అడవి దారి పట్టారు. ఆ గుంపులోని 12 ఏళ్ల ఆడపిల్ల మూడు రోజులు నడిచి, ఇల్లు కొద్ది దూరంలో ఉందనగా చనిపోయింది. తోటకు తెచ్చుకున్న మేస్త్రులు తిరుగు ప్రయాణానికి బండి పెట్టలేదు. అప్పుడు అన్ని పత్రికలూ రాశాయి. కాయ ఏరటానికి ఆ వయసు పిల్లలు ఇప్పటికీ వస్తున్నారు.

ఈ సంచిక మీకు చేరే వేళకు మిరప కోతలు ముగుస్తూ ఉంటాయి, తునికాకు లారీలకు గేట్లు తెరిచే రోజులు దగ్గరపడతాయి. భద్రాచలం, కొత్తగూడెం, చింతూరు ప్రాంతాల్లో పనిచేసే సంఘాలకు ఒక విన్నపం. గ్రామసభ ఉన్న ప్రతి గూడెంలో 3వ సెక్షను 2వ ఉపసెక్షను కింద దారి కోసం తీర్మానం రాయించండి. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ 2009 మే 18న ఇచ్చిన పద్ధతి ప్రకారం ఇది ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, డివిజనల్ అటవీ అధికారి స్థాయిలోనే అనుమతి ఇవ్వవచ్చు. తీర్మానంలో దారి ఎటు పోవాలో స్త్రీలు చెప్పిన మాట చెప్పినట్టే రాయండి. గ్రామసభ లేని గూడేలకు కనీసం మీ దగ్గరి గేటు వివరాలు రాసుకోండి: గేటు ఎన్ని గంటలకు మూస్తారు, రాత్రి తాళం చెవి ఎవరి దగ్గర, ఫోను నంబరు గేటు మీద రాసి ఉందా, మూసివేత ఉత్తర్వు కాగితం చూపించారా, కందకం ఉంటే ఎప్పుడు తవ్వారు, అక్కడి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎంత దూరం. దూరం ఆడవాళ్లనే అడగండి. లోపలి గూడేల పేర్లు మాత్రం మాకు రాయవద్దు, గేటు పేరు చాలు. జూన్ నెలాఖరులోగా చేరినవన్నీ కలిపి రెండు రాష్ట్రాల అటవీ శాఖలకూ, మహిళా కమిషన్లకూ ఇస్తాం. వచ్చే సంచికలో వాళ్ల జవాబులు వేస్తాం. జవాబు రాకపోతే ఆ పేజీ ఖాళీగా వదిలి అచ్చువేస్తాం.